లోపల ఏముందో రాసే మనిషి

ఆయన పోయాడన్న సంగతి నాకు ఒక బోరు దగ్గర తెలిసింది.

మర్రిగూడలో మా మేనమామకు మూడెకరాల పత్తి చేను ఉంది. ఆ చేనికి ఒకటే బోరు. అందులో మోటారు ఇరుక్కుందని ఫోన్ వస్తే, ఎలాగూ ఆదివారం కదా అని నేనూ వెళ్లాను. మోటార్లు గుంజే మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, పొడుగాటి వైరు చివర చిన్న కెమెరా కట్టి బోరులోకి వదులుతున్నాడు. పక్కన మంచం మీద పెట్టిన తెరలో గుండ్రటి గోడ, గోడ మీద తడి, నడుమ చీకటి. కెమెరా దిగేకొద్దీ చీకటి ముందుకు జరుగుతోంది. నేను రోజూ చూసే బొమ్మే అది. కాకపోతే నేను చూసేది మనుషుల లోపల.

నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో, ఎండోస్కోపీ గదిలో టెక్నీషియన్ని నేను. కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి పంపేది డాక్టరుగారు. పరికరాలు అందించడం, గొట్టం కడగడం, రిపోర్టు టైపు చేయడం నా పని.

ఆ తెర చూడగానే ఒకాయన గుర్తొచ్చి అడిగాను. "అన్నా, గిదే పని చేసే చాచా ఒకాయన ఉండె. మెడ తిరగదు. అంగీ జేబుల గుండ్రటద్దం పెట్టుకుంటడు. ఎరుకనా?"

అతను వైరు వదలడం ఆపాడు. "ఎరుక లేకపోవుడేంది అక్కా. నాకు పని నేర్పిన ఉస్తాదే. మొన్న వానకాలం పోయిండు. తెల్లారగట్ల ఫజర్ నమాజుకు లేపుదామని పోతె లేవలే."

"కడుపు సంగతా?"

"కాదు కాదు. కడుపు మంచిగనే ఉండె. ముందటి దినం గూడ మిర్చి బజ్జీలు తిన్నడు."

హమ్మయ్య అనుకున్నాను. ఒక మనిషి పోయాడని తెలిస్తే ముందు రావాల్సింది బాధ. నాకు ముందొచ్చింది నిమ్మళం. అందుకు సిగ్గేసింది. ఎందుకు నిమ్మళించానో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

పేరు మాత్రం చెప్పను. రోగుల పేర్లు గది దాటి బయటికి రాకూడదన్నది మా దగ్గర నియమం. మనిషి పోయినంత మాత్రాన ఆ నియమం పోతుందా? దవాఖానలో అందరం చాచా అనే పిలిచేవాళ్లం. ఇక్కడా ఆ పిలుపే చాలు.

మొదటిసారి ఆయన్ని చూసినప్పుడు వీపే కనిపించింది. హాల్లో అందరూ కుర్చీల్లో కూర్చుని టోకెన్ నంబరు కోసం చూస్తుంటే, ఆయన మాత్రం మంచినీళ్ల ఫిల్టరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో గుండ్రటి అద్దం. కిటికీలోంచి పడే ఎండను అద్దంతో పట్టి, ఫిల్టరు నల్లాలోకి మలుపుతున్నాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి అరుస్తోంది. ఆయనకు అదేం వినిపిస్తున్నట్టు లేదు.

"ఏం జేస్తున్నవ్ చాచా?" అన్నాను.

తల తిప్పలేదు. మనిషి మొత్తం నా వైపు తిరిగాడు. ఆయన మెడ తిరగదని అప్పుడు అర్థమైంది. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వాళ్లను ఆ గోధుమరంగు చారల పళ్లు చూసే గుర్తుపట్టొచ్చు. మా అమ్మ పళ్లూ అంతే.

"నీళ్లు సన్నగ పడుతున్నయ్ బిడ్డా. లోపల ఏందో అడ్డమున్నది," అన్నాడు. ఒక ఇనుప తీగను వంచి నల్లాలో పెట్టి, నిమిషంలో చిన్న రబ్బరు ముక్క బయటికి తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, కూర్చున్న వాళ్లందరికీ వరుసగా చూపించి, కౌంటరు మీద పెట్టాడు. తిట్టిన అమ్మాయే కిసుక్కున నవ్వింది.

ఆయన కళ్లకు బొక్క అన్నది కనిపించకూడదు, లోపల ఏముందో తెలుసుకోవాల్సిందే. సెలైను సీసా మూత, ఏసీ గొట్టం, నా చేతిలో బీపీ మిషను ట్యూబు, ఏదీ వదల్లేదు. కెమెరాలు రాకముందు బోరు లోపలికి చూడాలంటే ఆ అద్దమే దిక్కట. ఎండ నెత్తి మీదికి వచ్చే దాకా ఆగి, వెలుగును లోపలికి మలిపి, నూరడుగుల దాకా చూసేవాడట. తర్వాత కెమెరా కొన్నా అద్దాన్ని వదల్లేదు. కెమెరాకు బ్యాటరీ అయిపోతుంది, సూర్యునికి అయిపోదు కదా అనేవాడు.

నాలుగేళ్లుగా కడుపులో మంట. నాలుగేళ్లుగా గ్యాసు గోలీలు. చివరికి ఆయన భార్య, చాచీ, పోరు పడలేక వచ్చాడు. హైదరాబాదు నుంచి ప్రతి గురువారం వచ్చే డాక్టరుగారు ఎండోస్కోపీ రాశారు. గదిలోకి తీసుకొచ్చి, గొంతులో మందు కొట్టబోతుంటే నా చెయ్యి ఆపాడు.

"జర ఆగు బిడ్డా. మందు కొడితె నాలుక మొద్దువారుతది అంటివి. ఇప్పుడే అడిగేస్త. గీ గొట్టం నాకంటె ముందు ఎవరి కడుపులకు పోయింది?"

మా గదిలో ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. తీసుకెళ్లి కడిగే చోటు చూపించాను. గొట్టం లోపలి దారి గుండా సన్నటి బ్రష్షు ఎట్లా దూరుతుందో, ఎన్ని సార్లు తోస్తామో, మందునీళ్లలో ఎంతసేపు ఉంచుతామో చెప్పాను. బ్రష్షు అటువైపు నుంచి బయటికి వచ్చేదాకా కన్నార్పలేదు. "మంచిగ కడుగుతరు. మేము కెమెరాను అంగీకి తుడిచి జేబుల వెట్టుకుంటం," అన్నాడు.

ఎడమ పక్కకు పడుకోబెడితే తెర ఆయన తల వెనక్కి వచ్చింది. మామూలుగా రోగులు కళ్లు మూసుకుంటారు, ఆ బాధ లేదు. ఈయన మాత్రం తెర తన ముందుకు జరిపితేనే నోరు తెరుస్తానన్నాడు. "నా బోరు నేను చూడొద్దా సారు?" అని డాక్టరుగారినే అడిగాడు. ఆయన గడియారం చూసుకుని, నిట్టూర్చి, సరే జరపమన్నారు. మెడ వంగదు కాబట్టి గొట్టం గొంతు దాటడానికి చాలా కష్టమైంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అయినా చూపు తెర మీదే. కడుపు కింది భాగానికి వచ్చాక ఉన్నట్టుండి చూపుడు వేలు లేపాడు. తెరలో ఎడమ మూలకు గురిపెట్టి ఆపాడు. అక్కడ బొటనవేలి గోరంత చిన్న గడ్డ ఉంది. డాక్టరుగారు కూడా అప్పుడే అక్కడ ఆగారు. ఇద్దరిలో ఎవరు ముందు చూశారో నేను చెప్పలేను.

గొట్టం తీశాక, గొంతు మొద్దుబారి ఉన్నా మొదటి మాట అదే. "ఎంత లోతు?"

గొట్టం మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. "యాభై అయిదు సెంటీమీటర్లు చాచా. రెండడుగులకు జర తక్కువ."

ఆయన మొహం చిన్నబోయింది. "గింతేనా? మూడొందల అడుగుల కాడ పడ్డ మోటర్లు తీసిన. రెండడుగుల కాడ ఉన్నదానికి నాలుగేండ్లు గోలీలు మింగిన్నా?"

చాచీ అప్పుడు నోరు విప్పింది. "బోరు కాడ గూడ గిట్లనే బిడ్డా. కింద ఏదన్న పడ్డదంటె గీయనకు అన్నం యాదికి రాదు."

ఆ రోజు గడ్డ నుంచి గిల్లి ల్యాబుకు పంపిన ముక్క ఫలితం వారానికి వచ్చింది. అది ఇంకా క్యాన్సరు కాలేదు, కానీ ఆ దారి పట్టింది. డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. గడ్డ కిందికి సూదితో నీలం కలిపిన ద్రవం ఎక్కిస్తారు. గడ్డ పై పొరలోనే ఉంటే ఉబ్బి పైకి లేస్తుంది. అప్పుడు తీగ ఉచ్చు వేసి, కరెంటుతో కాలుస్తూ కోసి, నోట్లోంచే బయటికి తీస్తారు. లేవకపోతే లోతుగా పాతుకుపోయినట్టు. అప్పుడు కడుపు కోసి ఆపరేషన్ చేయాల్సిందే.

చాచా ఆ బొమ్మ మీదికి వంగిపోయాడు. "మట్టి పట్టిన మోటర్‌ను ఊకె గుంజితె పైపు తెగుతది సారు. పక్కకెల్లి నీళ్లిడిసి, మట్టి వదులు చేసి, కదిలిచ్చి, అప్పుడు లేపుతం. మీరు గూడ నీళ్లతోనే లేపుతరన్నట్టు." డాక్టరుగారు మొదటిసారి గడియారం చూసుకోవడం మర్చిపోయి, మట్టి ఎట్లా వదులవుతుందని అడిగారు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బయట టోకెన్ల వాళ్లు గొడవ పెట్టుకున్నారు.

మరుసటి గురువారం మత్తిచ్చి మొదలుపెట్టాం. నీలం ద్రవం ఎక్కగానే గడ్డ పూరీలా పొంగింది. కింది అంచు ఒక్కటి కాస్త బద్ధకంగా లేచింది. డాక్టరుగారు ఉచ్చు వేసి సరిచేస్తున్నారు. ఆ ఉచ్చును బిగించే పిడి నా చేతిలో ఉంటుంది. ఆయన చెప్పినప్పుడు నేను మూయాలి. ఇది తెలియని వాళ్లకు డాక్టరే అంతా చేసినట్టు ఉంటుంది కానీ, ఆ బిగింపు టెక్నీషియన్ది.

నా చేతి మీద నాకు గర్వం. ఎన్నో చిన్న చిన్న గడ్డలకు, డాక్టరు చెప్పేలోపే సరైన క్షణం నా వేళ్లకు తెలిసిపోయేది. ఆ రోజూ అదే అలవాటు. ఆయన ఇంకా చెప్పలేదు. నేను మూసేశాను. ఉచ్చు కింది అంచును వదిలేసి బిగిసింది. గడ్డ తెగింది, ఒక తునక మిగిలింది. డాక్టరుగారు నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ ఉచ్చు వేసి ఆ తునక కూడా తీశారు. ముక్కలు రెండయ్యాయి. తెర మీద చూస్తే అంతా శుభ్రంగానే ఉంది. కానీ ఒక్క ముక్కగా వస్తే చుట్టూ అంచు చూసి మొత్తం వచ్చిందో లేదో ల్యాబు వాళ్లు చెప్పగలరు. రెండు ముక్కలైతే ఆ మధ్య అంచు గురించి ఎవరూ ఒట్టేసి చెప్పలేరు.

రిపోర్టు టైపు చేయడం నా పని అన్నాను కదా. కంప్యూటరులో పాత రిపోర్టు ఒకటి తెరిచి, పేరూ వయసూ మార్చి, మిగతాది అవసరమైతే దిద్దుతాం. 'గడ్డ ఒకే ముక్కగా, పూర్తిగా తొలగించబడింది. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష' అన్న వాక్యాలు అందులో ముందే ఉన్నాయి. నేను దిద్దలేదు. మర్చిపోయానని అబద్ధం చెప్పను. దిద్దితే ఎందుకు రెండయ్యాయని అడుగుతారు. డాక్టరుగారు ఆ రోజు చివరి సంతకాల్లో దాని మీదా పెట్టేసి, కారెక్కారు.

సాయంత్రం మత్తు దిగాక చాచా నన్ను పిలిపించాడు.

"తీసిన్రా?"

"తీసినం చాచా."

"ఒక్కటిగనే వచ్చిందా?"

"ఆ, ఒక్కటే." ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పుడు తలచుకున్నా నా మీద నాకే కోపం వస్తుంది.

"ఏదీ, సూపియ్యి."

"ల్యాబుకు పోతది చాచా. చూపియ్యరు."

ఆయన లేచి కూర్చున్నాడు. "చూడు బిడ్డా. నేను మోటర్ గుంజినంక ఆసామికి సూపియ్యకుంట ఇంటికి పోను. తాట్‌పత్రి పరిచి మోటర్, పైపులు, వైరు, తాడు, ఆఖరికి నట్లు గూడ దాని మీద పెడత. ఆసామి చూసుకోని, అన్ని వచ్చినయ్ అన్నంకనే స్టాండ్ ఇప్పుత. గియ్యాల ఆసామిని నేను. సూపియ్యి."

సీసా తెచ్చాను. లోపలి నీళ్లలో ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, గమనించడులే అనుకున్నాను. ఎవరి ముందు అనుకున్నాను అలా! ఆయన సీసాను కిటికీ వైపు పట్టి, జేబులోంచి అద్దం తీసి, పడమటి ఎండను వెనక నుంచి దాని మీదికి మలిపాడు. సీసాను నెమ్మదిగా తిప్పాడు.

"గివి రెండు," అన్నాడు.

సీసాను మంచం పక్క బల్ల మీద పెట్టాడు.

"మోటర్ రెండు ముక్కలై వచ్చిందంటె, నడుమది ఏదన్న కిందనే ఉండొచ్చు. ఎవరి చెయ్యి?"

డాక్టరుగారి మీదికి నెట్టొచ్చు. గడ్డ స్వభావమే అంత అనొచ్చు. ఆయన మొహంలో కోపం ఉంటే అలాగే చెప్పేదాన్నేమో. లేదు. ఫిల్టరు నల్లాలోకి చూసిన చూపే ఉంది, లోపల ఏముందో తెలిస్తే చాలన్నట్టు.

"నా చెయ్యే చాచా. చెప్పకముందే మూసిన."

"ఏదీ, సాపు."

కుడిచెయ్యి చాపాను. ముట్టుకోలేదు. వంగి, పనిముట్టును చూసినట్టు అటూ ఇటూ చూశాడు. "చెయ్యి మంచిగనే ఉన్నది. తొందరపడ్డది. నాకు గూడ జారుతది. రాసినవా?"

"లేదు."

"గది తప్పు. నేను బోరు మూతి కాడ కేసింగ్ పైపు మీద రంగుతోటి రాస్త. ఎన్నడుగుల కాడ ఏం మిగిలింది, ఎవరి చెయ్యి. నా ఎనక వచ్చేటోనికి తెల్వకుంటె వాని కొక్కెం గూడ గండ్లనే ఇరుక్కుంటది. ఏడాదికి రమ్మంటిరి, నాకు తెల్వకపోతె నేను అప్పటి దాక రాను. రాయి బిడ్డా."

బయటికి వచ్చి డాక్టరుగారికి ఫోన్ చేశాను. కారు చిట్యాల దాటింది అప్పటికి. చెప్పిందంతా విన్నారు. "నేనూ చదవకుండా సంతకం పెట్టాను. రెండు ముక్కలని మార్చు. ఏడాది కాదు, మూడు నెలలు అని రాయి. సోమవారం వచ్చి సంతకం చేస్తాను," అన్నారు. సోమవారం ఆయన రావాల్సిన రోజు కాదు. వచ్చారు.

రిపోర్టు ఇంగ్లీషులో ఉందని చాచాకు అది చాలలేదు. ఫైలు అట్ట మీద తెలుగులో రాయమన్నాడు. పెద్దక్షరాలతో రాశాను: 'ముక్కలు రెండు. కింది అంచు అనుమానం. మూడు నెలలకు చూడాలి.' పెన్ను మూత పెట్టబోతే, "చెయ్యి?" అన్నాడు. 'నా చెయ్యి' అని రాసి సంతకం చేశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను అంత భయంతో పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

మూడు నెలలకు సరిగ్గా వచ్చాడు. ఆ ఫైలును పాలిథీన్ కవరులో చుట్టి తెచ్చాడు. ఈసారి పిడి పట్టుకోవడానికి నేను వెనకాడుతుంటే, "గా బిడ్డనే పట్టాలె. ఒకసారి జారింది గద, ఇప్పుడు జర ఆగుతది," అని డాక్టరుగారికి చెప్పాడు. కింది అంచు దగ్గరే, మచ్చ పక్కన, జొన్న గింజంత లేచి ఉంది. ఊరికే చూస్తే మచ్చ ముడత అనుకుంటాం. అక్కడ చూడమని రాసి ఉంది కాబట్టి చూశాం. డాక్టరుగారు 'ఊ' అనేదాకా నా వేళ్లు కదల్లేదు. ఒక్క ముక్కగా వచ్చింది. ల్యాబు వాళ్లు చుట్టూ అంచు శుభ్రం అని రాశారు. ఏడాది ఆగి ఉంటే ఇలా గొట్టంతో తీయడం కుదిరేది కాదేమోనని డాక్టరుగారు నాకు ఒక్కదానికే చెప్పారు.

తర్వాత ఏటేటా వచ్చేవాడు, సీతాఫలాల కాలంలో. ఒక సంచి నిండా తెచ్చి కౌంటరు మీద పెట్టి, ముందు ఫిల్టరు నల్లా చూసుకుని, అప్పుడు టోకెన్ తీసుకునేవాడు. ప్రతిసారీ తెర ముందుకు జరపాల్సిందే. పోయినేడు కూడా చూశాం. ఏమీ లేదు. "ఖాళీ బోరు," అని మురిసిపోయాడు.

ఇదీ సంగతి. అందుకే మామ చేనులో ఆయన కడుపు బాగానే ఉండేదని వినగానే నిమ్మళించాను.

మోటారు గుంజే అతను కెమెరాను సగం పైకి లాగి, మా మామను అడిగాడు. "ఉస్తాద్ గీ బోరుకు ఎన్నడన్న వచ్చిండా?"

"పదేండ్లయితుండొచ్చు. అప్పుడు గూడ మోటరే," అన్నాడు మామ.

అతను గోనెపట్ట తీసుకుని కేసింగ్ పైపు చుట్టూ తుప్పును రుద్దాడు. అడుగున తెల్లరంగు బయటపడింది. వంకర అక్షరాలు. '180. క్లాంపు 1. నా చెయ్యి.'

మామ తల గోక్కున్నాడు. "అవ్, నాకు అప్పుడే చెప్పిండు. నేనే మర్చిన."

ఆ ముక్క చదివాక అతను పని తీరే మార్చాడు. నూట డెబ్బై అడుగుల నుంచి కొక్కేన్ని వేలెడు వేలెడు చొప్పున దింపాడు. పైపును పట్టి ఉంచే ఇనుప పట్టీ, ఆ పాత క్లాంపు, పక్కకు వాలి, మోటారును గోడకు నొక్కి పట్టి ఉంది. అది తెలియకుండా గుంజితే పైపు తెగి, మోటారూ బోరూ రెండూ పోయేవట. మామకు ఆ చేనికి ఇంకో నీటి ఆధారం లేదు. పొద్దు వాలే వేళకు మోటారు పైకి వచ్చింది. దాని మెడకు తుప్పు పట్టిన క్లాంపు వేలాడుతోంది.

తాట్‌పత్రి పరిచి అన్నీ దాని మీద పెట్టాడు. మామ వంగి ఒక్కొక్కటీ చూసి, "అన్ని వచ్చినయ్," అన్నాడు. అప్పుడు అతను చిన్న రంగు డబ్బా మూత తీసి, కేసింగ్ మీది రాతను కొట్టేయబోయాడు.

"ఉండనియ్యి అన్నా. ఆయన రాత," అన్నాను. బాధ అప్పుడు వచ్చింది.

"క్లాంపు పైకొచ్చింది గదక్కా. లేనిది ఉన్నదని రాసి ఉంటె ఎనక వచ్చేటోడు ఆగమైతడు. ఉస్తాద్ ఉంటె తిడుతుండె."

నిజమే, తిట్టేవాడు. బ్రష్షు నేనే తీసుకున్నాను. నూట ఎనభైని కొట్టేశాను. క్లాంపును కొట్టేశాను. 'నా చెయ్యి' దగ్గర కాసేపు ఆగి, దాన్నీ కొట్టేశాను. దాని కింద తుప్పు లేని జాగా చూసి రాశాను: 'లోపల ఏం లేదు.'

"చెయ్యి ఎవరిదో గూడ రాయాలె అక్కా," అన్నాడతను స్టాండు విప్పుతూ.

'నా చెయ్యి' అని రాశాను.